ముత్తాత పేరు తర్వాత, ముందు ఆయన సర్వే నంబరు పట్టుకోండి

రెండేళ్ళ కింద సంక్రాంతికి మా అన్న కొడుకు నెబ్రాస్కా నుంచి వచ్చి, దేవరకొండ దగ్గర మా ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్‌లో ఒక చార్టు చూపించాడు. వాళ్ళ పక్కింటి ముసలాయన వంశం అది. 1850 నుంచి ఒక్కొక్కరి పేరు, వయసు, ఎక్కడ పుట్టారో అన్నీ ఉన్నాయి, పైగా ఆయన ముత్తాతకు ప్రభుత్వం 160 ఎకరాలు ఇచ్చిన కాగితం కూడా. "కాకా, మనదెందుకు లేదు ఇట్లా?" అన్నాడు. ఆ మాట పట్టుకుని రెండేళ్ళుగా నేను తిరిగిన తిరుగుడు ఇక్కడ రాస్తున్నా, నల్లగొండ, పాలమూరు దిక్కు వాళ్ళకు పనికొస్తుందని.

వాళ్ళకు సులువెందుకో ముందు తెలుసుకోవాలి. అమెరికాలో 1850 జనాభా లెక్కల నుంచి ఇంట్లో ఉన్న ప్రతి స్వతంత్ర మనిషి పేరూ రాశారు, అంతకు ముందు ఇంటి పెద్ద పేరు ఒక్కటే. 1880 నుంచి ఇంటి పెద్దకు ఎవరేమవుతారో కూడా రాశారు. 72 ఏళ్ళు దాటితే ఆ కాగితాలు ఎవరైనా చూడొచ్చు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద భూమి తీసుకున్నవాడు ఐదేళ్ళు అక్కడే ఉండి సాగు చేశానని సాక్షులతో చెప్పించాలి కాబట్టి ఆ ఫైలులో ఇల్లు, కుటుంబం కూడా కనిపిస్తాయి. వాళ్ళకూ బొక్కలు లేకపోలేదు, 1890 లెక్కలు చాలా వరకు 1921లో అగ్నిప్రమాదానికి పోయాయి, 1850లో, 1860లో బానిసలకు వేరే పట్టిక పెట్టి వయసు రాశారే గానీ చాలా వరకు పేరు రాయలేదు.

మన దగ్గర హైదరాబాదు సంస్థానంలో జనాభా లెక్కలు 1881లోనే మొదలయ్యాయి, కానీ మనకు దొరికేవి మొత్తం అంకెలే, మనుషుల పేర్లు కాదు. ఇప్పటి లెక్కల్లో ఇంటింటి కాగితాలను 1948 చట్టం ప్రకారం చూడనివ్వరు. అందుకని ఆ దారి వదిలేయండి. నిజాం సర్కారుకు రైతు పేరు కంటే శిస్తు ముఖ్యం, శిస్తు భూమి మీద వస్తుంది, కాబట్టి మన పెద్దల పేర్లన్నీ భూమికి అంటుకుని ఉన్నాయి. నేను మొదటి ఆరు నెలలు పేరు పట్టుకుని తిరిగి వేస్టు చేశాను, ఎందుకంటే ఒక్క ఊళ్ళోనే మల్లయ్యలు పదిమంది ఉంటారు.

ఇంట్లో మొదలుపెట్టండి. ముసలివాళ్ళను "మీ తాత పేరేంది" అని అడిగితే ఒక ముక్క చెప్పి ఆగిపోతారు. "మనకు ఏ చెలక ఉండేది, మోట బావి ఎవరెవరికి పొత్తు, ఎప్పుడు పంచుకున్నరు" అని అడిగి చూడండి, గంటసేపు మాట్లాడతారు. మొగవాళ్ళకంటే ఆడవాళ్ళను ముందు అడగాలని నా అనుభవం, ఎవరి కోడలు ఏ ఊరి నుంచి వచ్చిందో వాళ్ళకే గుర్తుంటుంది. ఫోన్‌లో రికార్డు పెట్టేయండి. ట్రంకు పెట్టె అడుగున శిస్తు రసీదులు, స్టాంపు కాగితాలు, పాత పెళ్ళి పత్రికలు ఏమున్నా ఫోటో తీసుకోండి, ఊరి బడిలో పాత అడ్మిషన్ రిజిస్టరు ఉంటే అదీ చూడండి, తండ్రి పేరు అందులో ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. మీ పట్టాదారు పాసుపుస్తకంలో ఉన్న సర్వే నంబరు రాసుకుని వెనక్కి నడవండి: పాత పహాణీలు (ఏ నంబరు ఎవరి పేరు మీద ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు అని ఏటా రాసే రిజిస్టర్లు), అక్కడి నుంచి 1954-55 ఖాస్రా పహాణీ, దాని వెనక సేత్వార్. ఖాస్రా పహాణీ అందరికీ తెలుసు, భూమి తగాదా వస్తే వకీలు మొదట అడిగేది అదే. సేత్వార్ అంటే సర్వే చేసి బందోబస్తు, అంటే శిస్తు ఖరారు, చేసినప్పుడు ఏ నంబరులో ఎన్ని ఎకరాలు, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అని రాసిన రిజిస్టరు. మధ్యలో పేరు ఎప్పుడు మారిందో ఫైసల్ పట్టీల్లో దొరుకుతుంది. నంబరు పక్కన అక్షరాలను వదలొద్దు. 112 కాస్తా 112/అ, 112/ఆ అయిందంటే అమ్మి ఉండాలి, లేదంటే అన్నదమ్ములు పంచుకుని ఉండాలి. మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెప్పని ఒక చిన్న ముత్తాత నాకు అట్లా 'ఆ' అనే అక్షరం దగ్గర దొరికాడు.

వీటి నకళ్ళకు మీసేవలో గానీ తహసీల్దారు ఆఫీసులో గానీ అర్జీ పెట్టాలి, బాగా పాతవైతే కలెక్టరేటు రికార్డు రూము, సర్వే ఆఫీసు కూడా అడగాలి. ఒకచోట నన్ను "లేవు పో" అన్నారు. తర్వాత ఊరు, పాత తాలూకా, సర్వే నంబరు, సంవత్సరం స్పష్టంగా రాసి సమాచార హక్కు కింద పెడితే నెలలోపు అవే కాగితాలు వచ్చాయి. "మా తాతల వివరాలు ఇప్పించగలరు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు.

పాత తాలూకా అన్నాను కదా, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. 2016లో జిల్లాలు ముక్కలైన సంగతి అందరికీ తెలుసు, కానీ గద్వాల, ఆలంపూర్ 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి, కొడంగల్ గుల్బర్గాలో ఉండేది. ఆ ఊళ్ళ వాళ్ళు పాలమూరు పేరు మీద వెతికితే ఏం దొరుకుతుంది? అసలు మహబూబ్‌నగర్ అనే పేరు కూడా 1890లో వచ్చిందే. మునగాల పరగణా వాళ్ళది ఇంకో కథ, చుట్టూ నిజాం రాజ్యమే గానీ ఆ ఊళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణా జిల్లాకు చెందినవి. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు లాంటి నిజాం కింది చిన్న సంస్థానాల ఊళ్ళకు, జాగీరు ఊళ్ళకు లెక్కలు వేరేగా నడిచాయి, 1949లో జాగీర్లు రద్దయ్యాకే అవి సర్కారులో కలిశాయి. కాబట్టి మీ ఊరు దివానీనా (అంటే నేరుగా నిజాం సర్కారు కింద ఉన్నదా), జాగీరా, సంస్థానమా అనేది ముందే తేల్చుకోండి.

కాగితం చేతికొచ్చాక ఉర్దూలో ఉంటుంది, అదీ గొలుసుకట్టు రాత. రిటైరైన ఉర్దూ సార్లలో గానీ, పాత గిర్దావర్లలో (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లు) గానీ చదివేవాళ్ళు ఉంటారు, చాయ్ తాగించి కూర్చోబెట్టుకోండి. నాలుగు మాటలు మాత్రం మీరే నేర్చుకోండి. వల్ద్ అంటే ఫలానా వాని కొడుకు, జౌజా అంటే భార్య, బేవా అంటే భర్త పోయిన ఆమె, ఫౌతీ అంటే చనిపోయాడని. విరాసత్ అన్న మాట కనిపిస్తే పండగే, పట్టాదారు పోయాక వారసులెవరో విచారించిన ఫైలు అది.

సంవత్సరం ఫసలీలో, అంటే నిజాం సర్కారు శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటుంది. అది అక్టోబరులో మొదలవుతుంది, ఇంగ్లీషు సంవత్సరానికి డిసెంబరు దాకా 590 కలపండి, జనవరి నుంచి 591. హిజ్రీతో కలగాపులగం చేసుకోవద్దు. నేను ఫసలీ 1342ను హిజ్రీ అనుకుని ముత్తాత 1923లో పోయాడని రాశాను, తీరా చూస్తే మా చిన్నతాత పుట్టింది 1929లో. తండ్రి పోయిన ఆరేళ్ళకు కొడుకు పుట్టాడా అని ఇంట్లో అందరూ నవ్వారు. అసలు లెక్క 1932-33.

భూమి లేనివాళ్ళ సంగతేంది? చాలా కుటుంబాలకు పట్టా లేదు, అది నిజం. అయినా నీరడి (చెరువు నీళ్ళు పారించేవాడు), సేత్‌సింధీ (ఊరి కావలివాడు) లాంటి ఊరి పనులు చేసినవాళ్ళకు ఇనాం భూములు ఉండేవి, ఆ ఇనాం విచారణ ఫైలు దొరికితే అందులో షజరా, అంటే వంశవృక్షమే, గీసి ఉండొచ్చు. దొరల భూమి కౌలుకు చేసినవాళ్ళ పేర్లు 1950 కౌలు చట్టం తర్వాత తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టర్లలో చూడండి. శ్రీశైలం, నాగార్జునసాగర్ కింద ఊరు మునిగినవాళ్ళు నష్టపరిహారం అవార్డు కాపీలు అడగండి.

కాగితం అస్సలు లేకపోతే చెప్పేవాళ్ళ దగ్గరికి పోండి. రెడ్లకు పిచ్చకుంట్ల వాళ్ళు, పద్మశాలీలకు కూనపులి వాళ్ళు, గొల్లలకు మందెచ్చుల వాళ్ళు, మాదిగలకు డక్కలి వాళ్ళు, ఇట్లా ఒక్కో కులానికి గోత్రాలు, ఇంటిపేర్లు తరతరాలుగా చెప్పే హక్కు ఉన్నవాళ్ళు ఉన్నారు. ఊర్లు వాళ్ళకు మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, పంచి ఉంటాయి, మీ ఊరికి ఎవరిదో కనుక్కుని వాళ్ళకు ఇచ్చే కట్నం ఇచ్చి చెప్పించుకోండి. సంవత్సరాలు చెప్పరు, మొదటి తరాల్లో పురాణం కలిసిపోయి ఉంటుంది, కానీ ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారన్నది ఎక్కువగా నిలబడుతుంది. మాకు చెప్పిన పాత ఊరి పేరు తర్వాత కాగితంలో నిజమే అని తేలింది. కాశీకో గయకో పోయిన తాతలుంటే అక్కడి పండాల (యాత్రికుల పురోహితులు) బహీలు, అంటే వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే పుస్తకాలు, కూడా అడగొచ్చు.

చార్టులో ప్రతి పేరు పక్కన అది ఎక్కడ దొరికిందో రాసిపెట్టండి, ఖాస్రా అనో, అత్త చెప్పిందనో, లేకుంటే ఏడాది తర్వాత మీకే గుర్తుండదు. మాది ఐదు తరాలు వచ్చింది, కానీ ఆడవాళ్ళ పేర్లు మూడు తరాల దగ్గర ఆగిపోయాయి. భూమి వాళ్ళ పేరు మీద లేదు కాబట్టి జౌజా అనో బేవా అనో ఎక్కడో ఒకచోట కనిపిస్తే అదే ఎక్కువ. మా నాయనమ్మ వాళ్ళ అమ్మ పుట్టిల్లు నిడమనూరు దిక్కు అని మాత్రమే తెలుసు. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరి పేరు పైకి చెప్తారు కదా, ఈసారి ఆ రోజు అక్కడికి పోయి వాకిట్లో కూర్చుని వినాలనుకుంటున్నా.