బోర్డు మార్చాక సర్వోలు వణుకుతున్నాయా, బోర్డు రీసెట్ అవుతోందా? సమస్య - పరిష్కారం

రోబోలో ఆర్డ్యుయినో ఊనో కంట్రోల్ బోర్డు తీసేసి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న బోర్డు) పెట్టారు, కోడ్ ఎక్కింది, ఎల్ఈడీ వెలిగింది, తీరా సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) కదిలే టైమ్‌కి బోర్డు రీసెట్ అవుతోంది, లేదంటే రోబో కాళ్ళు ఊరికే వణుకుతున్నాయి. చాలామంది కొత్త బోర్డు పాడైందనుకుని ఇంకోటి తెప్పిస్తారు, అదీ అలాగే చేస్తుంది. దయచేసి బోర్డుని అనుమానించే ముందు పవర్ వైరింగ్ చూడండి. లోపం పాత బోర్డు ఉన్నప్పుడూ ఉండే ఉంటుంది, అది తట్టుకుంది, కొత్తది తట్టుకోలేకపోతోంది.

సమస్య: సర్వో కదలగానే బోర్డు రీస్టార్ట్

సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే మెసేజ్‌లు కంప్యూటర్‌లో కనిపించే విండో) "బ్రౌనౌట్ డిటెక్టర్ వజ్ ట్రిగ్గర్డ్" అని వస్తే ఇక డౌటే లేదు, వోల్టేజ్ పడిపోతోంది.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, సర్వో ఎర్ర వైరుని బోర్డు 5 వోల్ట్ పిన్‌కి పెట్టడం. ఎస్‌జీ90 లాంటి చిన్న సర్వో లోడ్ లేకుండా తిరిగేటప్పుడు పెద్దగా కరెంట్ లాగదు, కానీ కదలడం మొదలయ్యే క్షణంలో గానీ ఎక్కడైనా ఇరుక్కున్నప్పుడు గానీ 600-700 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది, పెద్ద సర్వో ఎంజీ996ఆర్ అయితే 6 వోల్టుల దగ్గర స్టాల్ కరెంట్ (ఇరుక్కున్నప్పుడు లాగేది) సుమారు 2.5 ఆంప్స్. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంప్స్.

మరి ఊనో మీద ఎలా నడిచింది అంటారా? ఊనోలో చిప్ నేరుగా 5 వోల్టుల లైన్ మీదే ఉంటుంది, దాని బ్రౌనౌట్ సెట్టింగ్ (వోల్టేజ్ ఇంతకంటే పడితే రీసెట్ అయ్యే హద్దు) 2.7 వోల్టులు, అంటే లైన్ 4 వోల్టులకి పడినా అది పని చేసుకుంటూ పోతుంది. చాలా ఈఎస్‌పీ32 బోర్డుల్లో మధ్యలో 5 వోల్టుల్ని చిప్‌కి కావాల్సిన 3.3కి తగ్గించే ఏఎమ్ఎస్1117 రెగ్యులేటర్ ఉంటుంది, దానికి అవుట్‌పుట్ కంటే ఇన్‌పుట్ 1 వోల్టు పైగా ఎక్కువుండాలి, కాబట్టి లైన్ 4 వోల్టులకి దిగిందంటే 3.3 కాస్తా 3 అయిపోతుంది, దానికి తోడు వైఫై ఆన్ అయ్యే క్షణంలో ఆ చిప్పే వందల మిల్లీఆంప్స్ అడుగుతుంది.

పరిష్కారం: సర్వోలకి వేరే పవర్ ఇవ్వండి, సర్వో కరెంట్ బోర్డు గుండా అస్సలు పోకూడదు. 2ఎస్ లైపో (రెండు సెల్స్ ఉన్న లిథియం బ్యాటరీ) ఫుల్ ఛార్జ్‌లో 8.4 వోల్టులుంటుంది, దాన్ని నేరుగా పెడితే 6 వోల్టుల సర్వో కాలిపోతుంది, అందుకే మధ్యలో వోల్టేజ్ తగ్గించే యూబెక్ గానీ బక్ కన్వర్టర్ గానీ పెట్టి 5 లేదా 6 వోల్టులకి సెట్ చేసుకోండి, సెట్ చేశాకే సర్వో తగిలించండి. ఒకేసారి కదిలే సర్వోల స్టాల్ కరెంట్లు కూడి, దానికి సరిపోయే ఆంప్స్‌ది తీసుకోండి. సర్వోల దగ్గరే ప్లస్ మైనస్ మధ్య 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ ఒకటి పెట్టండి, పోలారిటీ చూసి. 9 వోల్టుల చిన్న చదరపు బ్యాటరీ మాత్రం వద్దు, దాని ఇంటర్నల్ రెసిస్టెన్స్ ఎక్కువ, సర్వో లాగగానే కూలబడుతుంది.

సమస్య: వేరే పవర్ ఇచ్చాక సర్వో పిచ్చిగా కొట్టుకుంటోంది, లేదా అసలు కదలట్లేదు

కారణం: గ్రౌండ్ కలపలేదు. సిగ్నల్ అంటే సర్వోకి తన గ్రౌండ్‌తో పోల్చి కనిపించే వోల్టేజ్, ఆ గ్రౌండూ బోర్డు గ్రౌండూ వేరువేరుగా ఉంటే సర్వోకి పల్స్ అర్థం కాదు. బ్యాటరీ మైనస్, సర్వో బ్రౌన్ వైరు, బోర్డు గ్రౌండ్ మూడూ ఒక చోట కలపండి.

కలిపినా వణుకుతుంటే బ్రెడ్‌బోర్డుని చూడండి. మల్టీమీటర్ నల్ల ప్రోబ్ బోర్డు గ్రౌండ్ మీద, ఎర్ర ప్రోబ్ సర్వో కనెక్టర్ గ్రౌండ్ మీద పెట్టి సర్వోని కదిలించండి, సున్నా దగ్గర ఉండాల్సిన రీడింగ్ 0.2, 0.3 వోల్టులు చూపిస్తోందంటే సర్వో కరెంటంతా ఆ సన్నటి జంపర్ వైర్ల గుండా పోతోందన్నమాట. సర్వో పవర్ బ్రెడ్‌బోర్డు మీద నుంచి తీసేసి లావు వైర్లతో స్క్రూ టెర్మినల్‌కి ఇవ్వండి. మామూలు మల్టీమీటర్ స్లో కాబట్టి క్షణికంగా వచ్చే ఈ వోల్టేజ్‌ని పట్టుకోదు, మాక్సిమమ్ రీడింగ్ గుర్తుంచుకునే మోడ్ ఉంటే అది వాడండి.

సమస్య: పవర్ బాగుంది, కొన్ని సర్వోలు మాత్రం కదలవు

ముందు పిన్ నంబర్ చూడండి. ఈఎస్‌పీ32లో 34 నుంచి 39 దాకా పిన్‌లు ఇన్‌పుట్‌కే, వాటి మీద సర్వో నడవదు. 6 నుంచి 11 ఫ్లాష్ మెమరీవి, ముట్టుకోవద్దు. 0, 2, 12, 15 పిన్‌లు బూట్ అయ్యేటప్పుడు చిప్ చదువుతుంది, అక్కడ సర్వో పెడితే ఒక్కోసారి బోర్డు బూటే అవ్వదు. 13, 25, 26, 27 హాయిగా వాడుకోవచ్చు.

పిన్ కరెక్టే అయితే సిగ్నల్ లెవెల్ సంగతి. ఊనో సిగ్నల్ 5 వోల్టులు, కొత్త బోర్డుది 3.3. చాలా సర్వోలు దీన్ని తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు, సర్వోకి 6 వోల్టులు ఇచ్చినప్పుడు ఇంకా మొండికేస్తాయి. సిగ్నల్‌ని 5 వోల్టులకి పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్‌ని 5 వోల్టుల మీద పెట్టి సిగ్నల్ దాని గుండా పంపండి, అది 2 వోల్టులు దాటితే హై అనే తీసుకుంటుంది.

చాలా సర్వోల్ని ఒకేసారి నడిపే పీసీఏ9685 డ్రైవర్ బోర్డు వాడుతుంటే అందులో వీసీసీ (చిప్ పవర్) వేరు, వీ ప్లస్ (సర్వో పవర్) వేరు. వీసీసీకి 3.3 ఇవ్వండి, ఎందుకంటే రెండు బోర్డులు మాట్లాడుకునే ఐ2సీ వైర్ల పుల్‌అప్ రెసిస్టర్లు దానికే కలిసుంటాయి, 5 ఇస్తే ఆ 5 ఈఎస్‌పీ32 పిన్‌ల మీదకి వస్తుంది. సర్వో పవర్ వీ ప్లస్‌కి.

సమస్య: ఆన్ చేయగానే ఒక్క కుదుపు

బూట్ అయ్యేదాకా పిన్ గాల్లో తేలుతుంటుంది. సిగ్నల్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్ రెసిస్టర్ పెడితే చాలావరకు తగ్గుతుంది.

సమస్య: అదే కోడ్, యాంగిల్స్ మాత్రం తేడా, చివర్లో సర్వో గుయ్‌మంటూ వేడెక్కుతోంది

ఆర్డ్యుయినో సర్వో లైబ్రరీలో 0 నుంచి 180 డిగ్రీలంటే 544 నుంచి 2400 మైక్రోసెకన్ల నిడివి ఉన్న సిగ్నల్ పల్స్, కొత్త బోర్డుకి వేసుకున్న లైబ్రరీలో ఆ డిఫాల్ట్ వేరేగా ఉండొచ్చు. కోడ్‌లో సర్వోని పిన్‌కి కలిపే అటాచ్ లైన్‌లో మినిమమ్, మాక్సిమమ్ మీరే రాయండి. 1000, 2000తో మొదలెట్టి, మినిమమ్‌ని 50 చొప్పున తగ్గిస్తూ, మాక్సిమమ్‌ని 50 చొప్పున పెంచుతూ పోయి, గుయ్‌మన్న దగ్గర ఆగి ఒక మెట్టు వెనక్కి రండి. ప్రతి సర్వోకి ఆ నంబర్ వేరేగా వస్తుంది, సర్వో మీదే చిన్న స్టిక్కర్ వేసి రాసుకోండి.