హంగుల్ నేర్చుకోవాలంటే మన వర్ణమాల నుంచి మొదలుపెట్టండి

చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు వైపు కొరియా కంపెనీల్లో పనిచేస్తూ కొరియన్ మొదలుపెట్టే తెలుగువాళ్లు ముందు ఇంగ్లీషు స్పెల్లింగులను పక్కన పెట్టాలి. వాటిని నమ్మే మనం రాజధానిని 'సియోల్' అంటున్నాం. అసలు పలుకు 'సొ-ఉల్', రెండే ముక్కలు. దీనికి కవర్గం, తవర్గం తెలిసిన నోరే మేలు.

హంగుల్ అంటే కొరియన్ లిపి. కొరియా రాజు సెజొంగ్ దీన్ని 1443లో సిద్ధం చేసి 1446లో ప్రకటించాడు. అప్పటిదాకా రాతంతా చైనా అక్షరాలతోనే సాగేది, సామాన్యులకు అందేది కాదు. మొదటి 28 అక్షరాల్లో 4 వాడుక తప్పి 14 హల్లులు, 10 అచ్చులు మిగిలాయి. వాటి ఆకారాల గుట్టు చెప్పే పాత గ్రంథం 1940లో బయటపడింది. దాని ప్రకారం హల్లు అంటే నోటి బొమ్మ.

గళ్ల పుస్తకం తీసుకుని ముందు ఐదు హల్లులు రాయండి. అడ్డగీత గీసి కుడి కొస నుంచి కిందికి దించితే క: నాలుక వెనకభాగం పైకి లేచిన తీరు. నిలువుగీత దించి కింద కుడికి లాగితే న: నాలుక కొన పైకి తగిలింది. చదరం మ, నోరు. ఇంటికప్పులా రెండు వాలుగీతలు స, పన్ను. సున్న గొంతు, ముక్క మొదట్లో దానికి పలుకు లేదు, అడుగున వస్తే ఙ. క మధ్యలో ఇంకో గీత పెడితే ఖ. న నెత్తిన గీత పెడితే త, దానికి మధ్యలో మరొకటి చేరిస్తే థ.

అచ్చుల్లో నిలువుగీతకు కుడిపక్క చిన్నగీత ఉంటే ఆ. ఎడమపక్క ఉంటే పెదవులు చుట్టని ఒ. అడ్డగీత మీద ఉంటే ఓ, కింద ఉంటే ఊ. చిన్నగీతలు రెండైతే ముందు య చేరుతుంది. ఒట్టి నిలువుగీత ఇ. ఒట్టి అడ్డగీత పెదవులు చుట్టని ఉ. చెన్నైలో 'అదు' అనేటప్పుడు చివర వినిపించేది దాదాపు అదే.

క పదం మొదట్లో క, అచ్చుల మధ్య గ. తమిళ బోర్డులు చదివేవాళ్లకు ఇది అలవాటే. 'కగు' అంటే సామాను, కుర్చీలూ బల్లలూ. అందులో రెండు హల్లులూ ఒకే అక్షరం.

అసలు కష్టం మూడు త-ల దగ్గర. తల్ చంద్రుడు, థల్ ముఖానికి తొడిగే మాస్కు, త్తల్ కూతురు. నోటి ముందు పల్చటి టిష్యూ పట్టుకోండి. థ-కి అది ఎగరాలి. త్త-కి కదలకూడదు, 'అత్త'లో బిగించినట్టు నాలుక బిగించాలి. మొదటి త-కి కొంచెం కదులుతుంది, గొంతు శ్రుతి కాస్త దించాలి. ఫ పలికేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలకూడదు. అది ప-కి ఒత్తు మాత్రమే.

అక్షరాలు ముక్కలుగా పేర్చేటప్పుడు మనవాళ్లు వత్తు దగ్గర తప్పుతారు. మన వత్తు అచ్చుకు ముందు పలుకుతుంది, కొరియన్‌లో అడుగున రాసే హల్లు అచ్చు తర్వాత పలుకుతుంది. ప, పక్కన ఆ, కింద ప రాస్తే 'పప్', అంటే అన్నం. చివర ఉ చేర్చడం మన నోటికి అలవాటు కాబట్టి అది 'పప్పు' అయిపోతుంది. పెదవులు మూసి, రెండు లెక్కపెట్టేదాకా తెరవకండి.

ఇప్పుడు 'ను' విభక్తిలాంటి 'ఉల్' చేర్చండి. మూసిన ప తెరుచుకుని బ అవుతుంది: 'పబుల్'. 'చొనున్ పబుల్ మొగొయొ' అంటే నేను అన్నం తింటాను. మాటల వరస మార్చక్కర్లేదు.