వాయిదాకు తోడు వెళ్ళడం ఎలా

మాది కోర్టు గేటుకు ఎదురుగా జిరాక్స్ షాపు. 2023లో మా అత్తగారి ఊళ్ళో, పాత కవర్లు కరిగించి ప్లాస్టిక్ దానా తీసే ఫ్యాక్టరీ ముందు జనం బైఠాయించారు. కవర్లు కడిగిన నీళ్ళు కుంటలోకి వదులుతున్నారని గొడవ. రోడ్డు మీద రెండు గంటలు కూర్చున్నందుకు 19 మంది మీద కేసయింది. మా బామ్మర్ది అందులో ఏ-7, అంటే ఏడో ముద్దాయి. అప్పటిదాకా కేసు కాగితాలు మిషన్ మీద పెట్టడమే గానీ ఏనాడూ చదివింది లేదు.

ముందు ఛార్జిషీటు సంపాదించండి. కోర్టు దాన్ని ముద్దాయిలకు ఉచితంగానే ఇప్పించాలి. సెక్షన్లు చూడండి. మావాళ్ళవి 143, 341, 188, 353. అప్పటికి ఇంకా ఐపీసీయే. 2024 జూలై 1 నుంచి జరిగినవాటికి కొత్త చట్టం, నంబర్లు వేరు. వీటిలో బరువైనది 353, ప్రభుత్వ ఉద్యోగిని విధుల్లో అడ్డుకోవడానికి చెయ్యి చేసుకున్నారని. రెండేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. 188 అంటే అధికారి ఇచ్చిన ఉత్తర్వును మీరారని, దాని మీద మాత్రం వకీలును తప్పకుండా అడగండి. ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పై అధికారో కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఉత్త పోలీసు ఛార్జిషీటు చాలదు. ఫీజు కట్టలేనివాళ్ళకు న్యాయసేవాధికార సంస్థ వకీలును ఇస్తుంది. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయం ఎంతని కూడా చూడరు. ఫోన్ నంబరు 15100.

అసలు పని వాయిదా రోజున ఉంటుంది. రెండో వాయిదాకే దెబ్బ తిన్నాం. ఊరంతా బుజ్జమ్మ అని పిలిచే పెద్దావిడ ఏ-12. అటెండర్ రికార్డులో ఉన్న పేరు, ఇంటిపేరుతో సహా, మూడుసార్లు కేకేశాడు. ఆమె ఆ తలుపు పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తన పేరేనని తెలియలేదు. వారెంటయింది.

"నన్ను పిలిచిన్రా బిడ్డా?"

"పిలిచిన్రు అత్తమ్మా. నీ ఆధార్ పేరు పిలిచిన్రు."

"ఆ పేరుతో నన్నెవరు పిలుస్తరు?"

ఆ మధ్యాహ్నమే వకీలు పిటిషన్ వేసి వారెంటు రద్దు చేయించాడు. ఆ రాత్రి షాపులో కూర్చుని 19 మందికీ చీటీలు టైపు చేశాను: రికార్డులో పేరు, ఏ-నంబరు, కేసు నంబరు, వాయిదా తేదీ. తోడు వెళ్ళేవాళ్ళు పదిన్నరకల్లా చేరి, పిలుపు వినడానికి ఒకరిని తలుపు దగ్గర నిలబెట్టండి. టీకి అందరూ ఒకేసారి పోవద్దు. ఎవరైనా రాలేకపోతే ముందురోజే వకీలుకు చెబితే ఆబ్సెంట్ పిటిషన్ వేస్తాడు. తేదీలు ఈకోర్ట్స్ యాప్‌లో కనిపిస్తాయి, ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే సీఎన్ఆర్ నంబరు ఉంటే చాలు.

తర్వాత ఎవరో ఒకరు వచ్చి, "ఒప్పేసుకోండి, కొంత ఫైన్ కట్టి పోవచ్చు" అంటారు. రోజు కూలి పోగొట్టుకుని తిరిగేవాడికి అది తియ్యగానే ఉంటుంది. కానీ నేరం ఒప్పుకుంటే, ఫైన్ చిన్నదైనా శిక్ష పడినట్టే రికార్డవుతుంది. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న కుర్రాడికి రేపు ఫారంలో అది రాయాల్సి వస్తుంది. మా కుర్రాళ్ళు ఇద్దరు దాదాపు తలూపేశారు, వాళ్ళమ్మ ఆపింది. అందుకే బస్సు ఛార్జీలకు, పోయిన కూలికి చందాలు వేసుకోండి. డబ్బు ఉంటే తొందర తగ్గుతుంది. లెక్క నోటుబుక్కులో రాసి పెట్టండి, లేకపోతే ఆ లెక్కల మీదే ఊళ్ళో ఇంకో కేసవుతుంది.

సాక్ష్యం గురించి ఒక ముచ్చట. అమెరికాలో టెక్సాస్ తీరాన రొయ్యలు పట్టే డయాన్ విల్సన్ అనే ఆమె, తోటివాళ్ళతో కలిసి ఫార్మోసా ప్లాస్టిక్స్ ఫ్యాక్టరీ వదిలిన ప్లాస్టిక్ గుళికలను ఏళ్ళ తరబడి ఏరి కోర్టుకు తెచ్చింది. 2019లో కంపెనీ 5 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. అక్కడి గుళికలే పక్కనున్న లూసియానాలో డబ్బాలో పెట్టి కంపెనీల తరఫున సర్కారు దగ్గర పైరవీ చేసే ఒక లాబీయిస్టు ఇంటి దగ్గర ఉంచినందుకు, 2020లో ఇద్దరు ఆడవాళ్ళను బెదిరింపు నేరం కింద అరెస్టు చేశారు. ఆ కేసు చివరికి నిలవలేదు. ఒకచోట సాక్ష్యం, ఇంకోచోట నేరం!

మన దగ్గర సొంతంగా పట్టిన సీసాడు నీళ్ళతో ఫ్యాక్టరీ మీద కేసు నిలబడదు. 1974 నీటి చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి వచ్చి శాంపిల్ తీసి సీలు వేయాలి. అయినా అర్జీ పెట్టండి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. రోడ్డెక్కకముందే ఎన్నిసార్లు మొరపెట్టుకున్నారో ఆ స్టాంపులే చెబుతాయి. మావాళ్ళ దగ్గర అలాంటివి నాలుగు దొరికాయి, ఒకటి బియ్యం డబ్బా అడుగున. వీడియోలు తీసిన ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. వాట్సాప్‌లో తిరిగిన కాపీ కంటే అసలుదానికే విలువ. అవతలి సాక్షులతో బాతాఖానీ వద్దు, టీ కొట్టు దగ్గర కూడా. బెయిల్‌కే ఎసరు వస్తుంది.

వచ్చే వాయిదా మంగళవారం. చీటీలు మళ్ళీ కొట్టాలి, బుజ్జమ్మత్తకు ఈసారి పెద్ద అక్షరాలతో. తనకు చదవడం రాదు, కానీ పెద్దగా ఉంటే పక్కవాళ్ళు చదివి చెప్తారట.