సెల్ బ్యాలెన్స్ తప్పిందా? బీఎంఎస్ మార్చే ముందు ఇలా చూడండి

"అన్నా, ముప్పై శాతం చూపిస్తోంది, యారాడ కొండ ఎక్కుతుంటే ఆగిపోతోంది" అని ఆటో తెస్తారు. అప్పటికే ఎవరో బీఎంఎస్ (ప్యాక్‌లోని సెల్స్‌ని కనిపెట్టి, వాటి చార్జిని సమానంగా ఉంచే బోర్డు) మార్చేసి ఉంటారు. కొందరికి రెండుసార్లు. మీటరు మాత్రం ఒక్కసారీ పెట్టి ఉండరు.

ఇక్కడ చెప్పేది 48-52 వోల్టుల ఈ-ఆటోలు, స్కూటర్ల ప్యాకుల గురించి. కార్ల ప్యాక్ మూత విప్పొద్దు. నారింజ రంగు కేబుళ్లలో వందల వోల్టుల డీసీ ఉంటుంది, 60 దాటిందంటేనే ప్రాణం మీదికి వస్తుంది. కారుకి ఓబీడీ డాంగిల్ (కారు డయాగ్నస్టిక్ సాకెట్‌కి పెట్టే చిన్న రీడరు) పెట్టి సెల్ రీడింగులు చదవడంతో ఆపండి. రెండో, మూడో తరం టయోటా ప్రియస్ హైబ్రిడ్ అయితే 28 మాడ్యూళ్లను జంటలుగా 14 బ్లాకుల్లో చూపిస్తుంది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఏ బ్లాకు పడిపోతోందో చూస్తే చాలు.

సామాన్లు: మూడు దశాంశాలు చూపే మల్టీమీటరు, సూదిమొన ప్రోబులు, ఇన్సులేషన్ ఉన్న స్పానర్లు, ఒక నోటు పుస్తకం. ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయండి. 50 వోల్టులే కదా అనుకోవద్దు, స్పానర్ అడ్డం పడితే వెల్డింగ్ అయిపోతుంది. రీడింగులు పుస్తకంలోనే రాయాలి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు తీసుకునేవాళ్లు రెండోసారి వాటిని చూడగా నేను చూడలేదు.

లోపల ఏ సెల్ ఉందో తెలుసుకోండి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అయితే ఫుల్ 3.65 వోల్టులు, సాధారణంగా 16 సెల్స్ వరసలో ఉంటాయి. ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) అయితే 4.2, సాధారణంగా 14 సెల్స్. ప్యాక్ ఉబ్బినా, ఏదైనా సెల్ 2 వోల్టుల కింద పడి రోజులు గడిచినా అక్కడితో ఆపేయండి. దానికి మళ్లీ చార్జింగ్ ఎక్కించొద్దు.

ఇక అందరూ చెడగొట్టే చోటు. ఆటో ఆపి, ప్యాక్ తెరిచి, సెల్స్ అన్నీ కొలిచి "సమానంగానే ఉన్నాయి" అనేస్తారు. ఎల్ఎఫ్‌పీలో ఆ మాటకి విలువ లేదు. సగం చార్జి ఉన్నప్పుడు దాని వోల్టేజీ బల్లపరుపుగా 3.3 దగ్గరే కూర్చుంటుంది. 3.29కి, 3.28కి తేడా ఏముందిలే అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క పాయింటు వెనక పెద్ద చార్జి తేడా దాక్కుని ఉండొచ్చు. అందుకే మూడుసార్లు కొలవాలి: చార్జింగ్ పూర్తవుతున్నప్పుడు, రాత్రంతా వదిలేసి పొద్దున్నే, తర్వాత లోడు మీద. లోడు అంటే మనుషులతో నిజంగా ఎత్తు ఎక్కించడమే. ఒకరు నడపాలి, వెనక కూర్చున్నవాళ్లు ఫోన్‌లో బీఎంఎస్ యాప్ చూపే సెల్ రీడింగులు చూడాలి. నడిపేవాళ్లు ఫోన్ ముట్టుకోవద్దు.

ఇప్పుడు పుస్తకం చూడండి. ఒక సెల్ మూడుచోట్లా వెనకబడి ఉంటే అది చెడిపోయిందని కాదు, చార్జి తగ్గి ఉంది. చార్జింగ్‌లో అందరికంటే ముందు పైకి పోయి, లోడులో అందరికంటే ముందు కిందికి పడితే కెపాసిటీ పోయింది, దాన్ని ఏ బ్యాలెన్సింగూ బాగుచేయదు. ఖాళీగా ఉన్నప్పుడు సమానంగా ఉండి, లోడు పడగానే జారి, తీయగానే లేస్తే సెల్‌ని తిట్టే ముందు బస్ బార్ (సెల్స్‌ని కలిపే లోహపు పట్టీ) బోల్టు బిగుతు చూడండి.

నాలుగో రకం తేడా మన విశాఖ జబ్బు, ఉప్పు. ఒక చేపల ఆటో వచ్చింది. ఐసు పెట్టెల్లోంచి ఉప్పునీళ్లు ప్యాక్ మీదికే కారేవి. యాప్‌లో తొమ్మిదో సెల్ 3.05, పదోది 3.53. పక్కపక్క సెల్స్‌లో ఒకటి ఎంత తగ్గిందో మరొకటి అంతే పెరిగితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ప్రోబులు నేరుగా సెల్ పోల్స్ మీద పెట్టాను. రెండూ 3.29. సెల్స్ నిజం చెబుతున్నాయి, అబద్ధం వైరుది. ఆ రెండింటి మధ్య నుంచి బీఎంఎస్‌కి వెళ్లే సన్నటి సెన్స్ వైరు (సెల్ వోల్టేజీని బోర్డుకి చెప్పేది) లగ్గు, అంటే చివరి లోహపు కొస, కింద పచ్చటి చిలుము, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. బాగున్న సెల్‌ని ఎక్కువైందనుకుని బీఎంఎస్ రోజూ దాని చార్జిని పిండేస్తోంది. అంతకుముందు చూసిన షాపువాళ్లు రెండు బోర్డులు మార్చారు, వైరు మాత్రం అదే! చిలుము తుడిచి వదిలేయొద్దు, మళ్లీ వస్తుంది. లగ్గు కోసేసి కొత్తది క్రింప్ చేయండి. పైన సిలికాన్ పూస్తే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అదే రాగిని తినేస్తుంది.

వైర్లు బాగున్నా ఒకే సెల్ రోజురోజుకీ దిగుతోందా? ఫుల్ చార్జి చేసి, లోడు, చార్జరు తీసేసి, ముందు సెన్స్ కనెక్టరు, తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి మూడు రోజులు వదిలేయండి. దిగడం ఆగితే దొంగ బీఎంఎస్సే, దాని బ్యాలెన్సింగ్ స్విచ్ ఆన్‌లోనే ఇరుక్కుపోయింది. అయినా దిగుతుంటే సెల్ లోపలే లీకవుతోంది, ఆ సెల్ పక్కన పెట్టాల్సిందే. మళ్లీ పెట్టేటప్పుడు నెగటివ్ ముందు, సెన్స్ కనెక్టరు చివర. తారుమారైతే కొన్ని బోర్డులు అక్కడికక్కడే పోతాయి.

చార్జి తేడా మాత్రమే అని తేలితే ఓపిక పట్టండి. మామూలు బీఎంఎస్ 100 మిల్లీ యాంపుల చొప్పున పిండుతుంది అనుకుంటే 5 యాంపియర్ అవర్ల తేడా సరిచేయడానికి 50 గంటలు కావాలి. అదీ ప్యాక్ నిండే దగ్గర ఉన్నప్పుడే. రోజూ 80 శాతం దగ్గర ప్లగ్ పీకేసే ఆటోకి ఆ అవకాశమే రాదు. వారానికోసారి ఫుల్ చేసి, చార్జరు దానంతటది ఆగేదాకా వదిలేయమనండి.

చివర్లో ఆ మూడు వరసల రీడింగులు, తేదీ ఒక కాగితం మీద రాసి మూత లోపలివైపు టేపుతో అంటించండి. ఈసారి ఆ మూత విప్పేది మీరే కాకపోవచ్చు.