పట్టింది కదా అని పేల్చకండి

పోయిన వారం కళ్యాణదుర్గం వైపు ఒకాయన చేతిలో 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ పగిలింది. ఎడమచేతి వేళ్లు మూడు పోయాయి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పజెప్పి తెచ్చుకున్నాక బీరువాలోంచి తీయడం అదే మొదటిసారట. చెనక్కాయ చేలల్లో పందులు పడే కాలం, ఇంకా చాలామంది తీస్తారు కాబట్టి రాస్తున్నా.

ట్రిగర్ మీద వేలు, పిల్లలకు అందకుండా దాచడం, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు ఒక్కటే, తూటా తుపాకీలో పడితే చాలు, "పట్టింది కదా" అనుకోవడం.

ఆయన సంచిలో ఎప్పటిదో 20 బోరు తూటా ఒకటి కలిసింది. అంకె పెద్దదైనా అది 12 బోరు తూటా కంటే సన్నం. 12 బోరులో వేస్తే తూటా కూర్చునే గదిలో ఆగదు, జారిపోయి ముందర గొట్టం సన్నబడే చోట ఇరుక్కుంటుంది. తుపాకీ మడిచి చూస్తే గది ఖాళీ! వేయలేదేమో అనుకుని ఇంకోటి పెడితే అదీ చక్కగా పడుతుంది. ఇక పేలిస్తే చీలేది ఎడమచేయి పట్టుకున్న చోటే. అమెరికాలో 20 బోరు తూటాకు పసుపు రంగు పెట్టింది ఇందుకే. మీ సంచిలో రంగును నమ్మకండి, ఒక్కోటి చదవండి.

.32 పిస్టల్, రివాల్వర్ ఉన్నవాళ్లదీ ఇదే తిప్పలు. పిస్టల్ తూటా కేసు, అంటే మందు ఉండే తొడుగు, పొడవు 17 మిల్లీమీటర్లు, రివాల్వర్‌లో వేసే 'లాంగ్' తూటాది దాదాపు 23. పొట్టిది రివాల్వర్‌లో పడుతుంది, కానీ దాని ఒత్తిడి ఎక్కువ. పట్టింది కదా అంటే కుదరదు.

ఈమధ్య కుర్రాళ్లు వీడియోలు చూసి అడిగేది వైల్డ్‌క్యాట్ తూటా గురించి, అంటే సొంతంగా మార్చి చేసుకునేది. పెద్ద కేసు మెడను చెంబు మెడలా నొక్కి, చిన్న గుండు కూర్చి, వేగం పెంచుతారు. సొంతంగా చేసినదాని అడుగున పాత ముద్రే మిగులుతుంది. .45 అని ఉంటుంది, లోపల గుండు .45 కాదు. దానికి దాని గొట్టమే ఉండాలి. పైగా లైసెన్స్ లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసు. ఆ సరదా వద్దు నాయనా.

ఇక మిగతావి. గొట్టంలోంచి వెలుతురు చూడకుండా తూటా వేయొద్దు, కందిరీగ మట్టిగూడు పెట్టి ఉంటుంది. రెండు బోర్ల తూటాలు ఒకే డబ్బాలో వద్దు, ఒకే జేబులో అసలే వద్దు. ఉబ్బిన అట్ట తూటా పక్కన పెట్టండి. పేల్చినప్పుడు సరిగా మోగక టుస్సుమంటే ఆపండి, రెండోది పేల్చొద్దు. పేలకపోతే నిమిషం పాటు గొట్టం గురిపెట్టిన వైపే పట్టుకోండి, మడవొద్దు. తాగి ముట్టొద్దు. అనుమతి లేకుండా పందిని కొట్టొద్దు, అటవీశాఖ వాళ్లు వస్తారు. బావమరిది ఇచ్చిన తూటా వద్దు. పేరు చదవలేకపోతే వేయొద్దు. పట్టినా సరే, వేయొద్దు.