అమెరికాకు మిక్సీ, పవర్ బ్యాంక్, ట్రిమ్మర్: ఏది క్యాబిన్‌లో, ఏది చెకిన్‌లో, ఏది ఇంట్లో

సర్దడం మొదలుపెట్టే ముందు ప్రతి కరెంటు వస్తువునూ తిరగేసి స్టిక్కర్ చదవండి. ఇండియాలో 230 వోల్టులు, ఇక్కడ అమెరికాలో 120. స్టిక్కర్ మీద 100-240 అని ఉంటే పిన్ను మార్చే అడాప్టర్ చాలు. లాప్‌టాప్, ఫోన్ చార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. 220-240 అని మాత్రమే ఉంటే ఇంట్లోనే వదిలేయండి. అడాప్టర్ వోల్టేజీని మార్చదు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఇక్కడ సుమారు 270 వాట్లే ఇస్తుంది, చొక్కా ముడత పోదు. రైస్ కుక్కర్‌దీ అదే గతి. రెండూ ఇక్కడ చవకగానే దొరుకుతాయి, మోసుకురావద్దు.

మిక్సీ మాత్రం తెచ్చుకోండి. ఇక్కడి మామూలు బ్లెండర్లలో నీళ్లు పోయనిదే పచ్చడి నలగదు. ఇండియాలోనే షాపులో, అమెరికాలో పనిచేసే 110 వోల్టుల మిక్సీ అని అడిగి కొనండి. కొన్నాక, పనిచేస్తుందో లేదో చూద్దామని ఇంట్లో ప్లగ్గులో పెట్టారో, రెట్టింపు వోల్టేజీకి మోటారు కాలిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి. షాపులోనే వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించి ఒక్కో జారూ తిప్పించి చూడండి.

జార్లలో బ్లేడ్లుంటాయి కాబట్టి అవి చెకిన్‌లోకే. బాడీని చేతిలో తీసుకెళ్లొచ్చుగానీ అది మూడు నాలుగు కిలోలు తూగుతుంది. దుబాయ్ విమాన సంస్థ ఎమిరేట్స్ ఎకానమీలో క్యాబిన్ బ్యాగ్‌కు ఇచ్చేదే 7 కిలోలు. పైగా మోటారులోని రాగి చుట్ట ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనబడి, బ్యాగ్ విప్పమంటారు. అందుకే బాడీని కూడా పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టడమే మేలు. ముందుగా దెబ్బతినేది బాడీ పైనుండి జారును మోటారుతో కలిపే కప్లర్. దాని చుట్టూ సాక్సులు చుట్టి, ఆపైన తువ్వాలు కప్పండి. జార్ల లోపల కూడా బట్టలు కుక్కితే సొట్టలు పడవు. విడిగా రెండు కప్లర్లు, జారు మూతల రబ్బర్లు కొనిపెట్టుకోండి. ఇక్కడ మీ మోడల్‌కు సరిపోయేవి వెతకడం కష్టం.

పవర్ బ్యాంక్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: క్యాబిన్‌లోనే తేవాలి, చెకిన్‌లో అసలు పెట్టకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే పైన సిబ్బంది ఆర్పగలరు, కింద సామాన్ల గదిలో చేయి అందదు. పరిమితి 100 వాట్-అవర్లు. పవర్ బ్యాంక్ మీద రాసి ఉండే ఎంఏహెచ్ అంకెను 3.7తో హెచ్చించి 1000తో భాగిస్తే లెక్క తేలుతుంది: 20,000 ఎంఏహెచ్ అంటే 74, పర్వాలేదు. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంక్‌ను సెక్యూరిటీలో తీసేసుకునే అవకాశం ఉంది, అది తేవద్దు. దుబాయ్ మీదుగా వచ్చేవారికి ఇంకో మాట: 2025 అక్టోబరు 1 నుంచి ఎమిరేట్స్‌లో మనిషికి ఒక్కటే, విమానంలో దాన్ని వాడనివ్వరు.

ట్రిమ్మర్ క్యాబిన్‌లోనే పెట్టుకోండి. లాక్ ఉంటే వేయండి, లేకపోతే బటన్ నొక్కుకోకుండా గట్టి డబ్బాలో ఉంచండి. చార్జర్లు, వైర్లు, పవర్ బ్యాంక్ అన్నీ ఒకే జిప్ కవర్‌లో వేసి బ్యాగ్ పైభాగాన పెడితే, ట్రేలో వేయమన్నప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

విమానం నిండిపోతే గేటు దగ్గర క్యాబిన్ బ్యాగులు తీసుకుని కిందికి పంపేస్తుంటారు. బ్యాగ్ ఇచ్చే ముందు ఆ జిప్ కవర్ తీసి చేతిలో పెట్టుకోండి.