శంఖం పలకడం లేదా? ముందు నీళ్లు పోసి చూడండి

కార్తీకం వచ్చిందంటే మా గుడికి మూగబోయిన శంఖాలు పట్టుకొని చాలామంది వస్తారు. "మొన్నటిదాకా బాగానే పలికిందండీ" అంటారు. కొందరు అప్పటికే కొత్తది కొనేసి ఉంటారు. నీళ్లు పోసి చూశారా అని అడిగితే లేదంటారు. శంఖంలో పోస్తేనే తీర్థమని సామెత చెప్పుకునే మనం, ఊదే శంఖంలో ఒక్కసారైనా నీళ్లు పోసి చూడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

గాలి తప్ప నాదం రావడం లేదు

కొన చూడండి. అభిషేకానికి వాడే శంఖానికి కొన కోయరు, అది ఎంత ఊదినా పలకదు. ఇంట్లో ఆకురాయి పట్టి అరగదీయకండి. దాన్ని తీర్థానికే ఉంచి, ఊదడానికి వేరే శంఖం తెచ్చుకోండి. కొనకు రంధ్రం ఉండి కూడా పలకకపోతే, పెదవులు అదరడం లేదన్నమాట. బుగ్గలతో గాలి కొట్టకుండా పెదవులు బిగించి ఊదండి.

బొంగురుగా మొదలై తెగిపోతోంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. రామేశ్వరంలో కొన్న నా శంఖం ఏడాది పాటు గంటలా పలికింది. ఒక పండగ ముందు వేడి నీళ్లతో కడిగాను. మర్నాడు ఊదితే గాలి చీలిన శబ్దం. మూడు నెలలు నా ఊపిరినే అనుమానించాను.

అసలు కారణం సూదిమొన అంత రంధ్రం. శంఖం సముద్రంలో ఉండగానే కొన్ని జాతుల స్పాంజీలు, పురుగులు పెంకును తొలుస్తాయి. అలాంటి రంధ్రంలో మైనం కూరి, పైన మెరుగు పెట్టి అమ్ముతారు. చూపుకు ఆనదు. వేడి నీళ్లు తగిలినా, ఎండలో పెట్టినా, దీపం పక్కన ఉంచినా ఆ మైనం మెత్తబడి ఊడిపోతుంది. ఊదే రంధ్రానికి దగ్గరి చుట్టలో గాలి ఒత్తిడి ఎక్కువ. అక్కడ చిన్న సందు పడ్డా నాదం నిలబడదు.

పరీక్ష ఇలా చేయండి. శంఖాన్ని బయట పొడిగా తుడిచి, పలచగా విభూతి రాయండి. ఊదే రంధ్రాన్ని వేలితో గట్టిగా మూసి, శంఖం వెడల్పాటి నోటివైపు నుంచి నీళ్లు పోస్తూ మెల్లగా తిప్పండి, లోపలి చుట్టలన్నిటికీ నీరు చేరాలి. రెండు నిమిషాలు ఆగండి. తెల్లటి విభూతి మీద ఒకచోట ఆవగింజంత తడి మచ్చ తేలి, చూస్తుండగానే పెద్దదవుతుంది. పెన్సిలుతో అక్కడ గుర్తు పెట్టండి.

తడి మీద మైనం అంటదు కాబట్టి శంఖాన్ని ఒకరోజు నీడలో ఆరనివ్వండి. తేనెమైనాన్ని వేళ్ల మధ్య నలిపి, మెత్తబడ్డాక ఆ గుర్తు మీద అదిమితే అప్పటికప్పుడు పలుకుతుంది. నాలుగు కాలాలు నిలవాలంటే రెండు ముద్దలు కలిపి వాడే ఎపాక్సీని బయటివైపు నుంచి పెట్టి, పూర్తిగా గట్టిపడేదాకా ముట్టుకోకండి. ఆ తర్వాత చన్నీళ్లతోనే కడగండి.

గురగుర శబ్దం

ఊదే శంఖంతోనే అభిషేకం చేసే ఇళ్లలో ఇది కనిపిస్తుంది. లోపల పాలు, గంధం ఎండి పేరుకుంటాయి. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, బాగా ఆడించి పారబోయండి. అప్పటికీ పోకపోతే మళ్లీ అలాగే చేయండి. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ మాత్రం వద్దు. శంఖమంటే కాల్షియం కార్బొనేటే, పులుపు దాన్ని తినేస్తుంది.

మిగతావి

చుట్ట కుడికి తిరిగిన దక్షిణావర్తమా, ఎడమకు తిరిగిన వామావర్తమా అన్నదానికీ పలకకపోవడానికీ సంబంధం లేదు. ఊదే రంధ్రం మరీ వెడల్పుగా కోసిన శంఖాలు అరుదు, అమ్మినవారికే తిరిగి ఇచ్చేయండి. కిందపడి పగులు పారిందేమోనని అనుమానమైతే గోటితో కొట్టండి. మంచి శంఖం ఖంగుమంటుంది, పగిలినది బొదబొదమంటుంది. పగిలినదాన్ని పూజలో ఉంచరు, పారే నీటిలో విడిచిపెడతారు. కొత్తది కొనేటప్పుడు మాత్రం డబ్బు ఇచ్చేముందే దుకాణంలో ఒక చెంబు నీళ్లు అడగండి.